నాడు నుంచి నాటు దాకా

మనిషి ఉండే చోటును బట్టి అతని తెలివిని, తీరును, మర్యాదను అంచనా కట్టే అలవాటు చాలా భాషల్లో ఉంది. ఆ అంచనా తరచుగా ఒక చిన్న విశేషణంలో ఒదిగి, దాన్ని వాడేవారికి కూడా తెలియకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఇంగ్లీషులోని 'రస్టిక్' అలాంటి మాట. పల్లెకు చెందినది అనేది దాని మూలార్థం కాగా, మోటుది, నగిషీ లేనిది, మర్యాద ఎరగనిది అనే అర్థాలు తర్వాత చేరాయి. సహజమైనది, కల్తీ లేనిది అనే మెచ్చుకోలు అన్నిటికన్నా చివర వచ్చి స్థిరపడింది. తెలుగులో దీనికి బాగా దగ్గరగా వచ్చే మాట 'నాటు'. నాటువైద్యం, నాటుసారా, నాటుబాంబు, నాటుకోడి అనే నాలుగు వాడుకలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే విశేషణం అనుమానాన్ని, భయాన్ని, ఆశను, రుచిని ఎలా మోస్తున్నదో తెలుస్తుంది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఈ మాటను పరిశీలించడానికి తగిన చోటు. ఒకప్పుడు పట్నం వెలుపలి పల్లెసీమగా ఉన్న ఈ నేల మీదికి పట్నమే నడిచి రావడంతో, నాటు అనే మాటకు విలువ మారిన తీరు అక్కడ కళ్లెదుట కనిపిస్తుంది.

రోము పొలాల్లో పుట్టిన మాట

లాటిన్ భాషలో 'రూస్' అంటే నగరం వెలుపలి నేల, పొలాలు, పల్లెపట్టు. రూరల్, రస్టిక్ అనే రెండు ఇంగ్లీషు మాటలకూ అదే మూలం. దానికి ఎదురుగా నిలిచే లాటిన్ మాట 'ఉర్బ్స్', అంటే నగరం. అర్బన్ అనే మాట దాని నుంచే వచ్చింది. సంపన్న రోమన్ల తోటబంగళాల్లో యజమాని నివసించే భాగాన్ని నగర భాగమనీ, పనివారు, పశువులు, ధాన్యం ఉండే భాగాన్ని పల్లె భాగమనీ పిలిచేవారు. అంటే ఒకే ప్రహరీ లోపల కూడా ఎవరు ఎటు ఉన్నారన్నదాన్ని బట్టి నగరమూ పల్లే ఏర్పడేవి. క్రీస్తుపూర్వం 55లో వక్తృత్వ కళ మీద రాసిన గ్రంథంలో సిసిరో, వక్త మాటతీరులో పల్లె కరుకుదనం గానీ పరాయి యాస గానీ వినిపించకూడదని హెచ్చరించాడు. చోటును తెలిపే మాట మనిషి ఉచ్చారణ మీద తీర్పుగా మారడానికి రెండు వేల ఏళ్ల నాటి స్పష్టమైన ఉదాహరణ అది.

15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరిన రస్టిక్ ఆ తీర్పును కూడా వెంట తెచ్చుకుంది. దాని తోటి మాటల్లో కొన్నింటి గతి ఇంకా హీనం. తెలుగు సినిమా ప్రేక్షకులకు చిరపరిచితమైన 'విలన్' అనే మాటకు పుట్టుకలో ఉన్న అర్థం తోటబంగళా పొలాల్లో పనిచేసే మనిషి మాత్రమే. ఫ్రెంచి భాష మీదుగా వస్తూ అది భూస్వామికి కట్టుబడ్డ రైతు అనీ, తర్వాత నీచుడనీ, చివరికి దుర్మార్గుడనీ దిగజారింది. మొరటు మనిషిని తెలిపే 'బూర్' అనే మాట కూడా డచ్చివారి రైతు అనే మాటకు దగ్గరి చుట్టం.

రస్టిక్ కుటుంబంలో తెలుగువారు రోజూ వినే మాట మరొకటి ఉంది. తప్పు చేసిన విద్యార్థిని 'రస్టికేట్' చేశారని వార్తల్లో చదువుతుంటారు. ఆ క్రియకు అసలు అర్థం పల్లెకు వెళ్లి ఉండటం, లేదా పల్లెకు పంపేయడం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థిని కొంతకాలం పాటు వెలిపెట్టే శిక్షకు అది పేరయింది. చదువు ఉన్న చోటు పట్టణం కనుక, చదువు నుంచి తొలగించడమంటే పల్లెకు తోలేయడమే అన్న భావన అందులో ఉంది. శామీర్‌పేట పరిసరాలు ఈ భావనను తలకిందులు చేశాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. 2008లో బిట్స్ పిలానీ తన హైదరాబాదు ప్రాంగణాన్ని ఆ పక్కనే జవహర్‌నగర్‌లో తెరిచింది. పాత అర్థం ప్రకారం శిక్ష పడ్డ విద్యార్థిని ఎక్కడికి పంపాలో అక్కడికే విశ్వవిద్యాలయాలు తరలి వచ్చాయి.

మెచ్చుకోలు అర్థం మరో దారిన వచ్చింది. 15వ శతాబ్దపు ఫ్లారెన్స్‌లో మెడిచి కుటుంబం కట్టించుకున్న భవనం కింది అంతస్తు గోడలకు ఉలి నునుపు తగలని మోటు రాళ్లను కావాలనే వాడారు. వాస్తుకళలో ఆ పద్ధతికి రస్టికేషన్ అని పేరు. మోటుదనం పేదవాడి ఇంట్లో గత్యంతరం లేనిదిగా, ధనికుడి ఇంట్లో అభిరుచిగా లెక్కకు వస్తుందన్న సంగతి ఆ గోడల్లో అప్పుడే తెలిసిపోయింది.

నాడు, నాటి, నాటు

తెలుగు 'నాటు' కథ కూడా నేల నుంచే మొదలవుతుంది. నాడు అంటే ప్రాంతం, దేశభాగం. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు భాషల్లోని ఈ మాటను ఒకే కుదురు కింద చూపుతుంది. కడప జిల్లాలోని కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చరిత్రకారులు గుర్తించినది, ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో అతి ప్రాచీనమైనదిగా పేరు పొందింది. ధనంజయుడనే రాజు ఏలిన రేనాడు పేరు 'రేనాణ్డు' అనే రూపంలో అందులో కనిపిస్తుంది. అంటే తెలుగు రాతలో దొరికే తొలి మాటల్లోనే నాడు ఉంది, అదీ ఏలుబడికి గుర్తుగా, గౌరవ స్థానంలో ఉంది. వెలనాడు, పాకనాడు, పలనాడు, వేంగినాడు అనేవి ఆ తర్వాతి చరిత్రలో పేరు మోసిన ప్రాంతాలు.

ఈ మాట మరో మాటకు విశేషణంగా చేరేటప్పుడు 'డు' పోయి 'టి' వస్తుంది. పలనాడులో జరిగినది పలనాటి యుద్ధం, రేనాడును ఏలినవారు రేనాటి చోళులు, వెలనాడు నుంచి వచ్చినవారు వెలనాటివారు. వ్యాకరణంలో ఇలాంటి మార్పుకు ఔపవిభక్తికం అని పేరు. విభక్తి ప్రత్యయం చేరకముందు నామవాచకం పొందే రూపం అని దాని భావం. తమిళంలో ఇదే స్థానంలో 'నాట్టు' అనే రూపం వస్తుంది. తమిళుల నాట్టుకోళి, నాట్టుమరుందు తెలుగువారి నాటుకోడి, నాటుమందులకు సరిజోడు. మలయాళంలో నాడన్ కోళి, కన్నడంలో నాటి కోళి ఉన్నాయి. మలయాళంలో జానపద గేయాన్ని నాడన్ పాట్టు అంటారు. ద్రావిడ కుటుంబానికి చెందకపోయినా పొరుగునే ఉన్న మరాఠీ, ఊరు అనే అర్థమున్న 'గావ్' నుంచి 'గావరాన్' అనే విశేషణాన్ని చేసుకుని, అదే కోడికి తగిలించింది. ఇన్ని భాషలు ఒకే పని చేశాయంటే, నాటు అనే మాటకు తొలి అర్థం మోటు కాదనీ, మన నేలకు చెందినది, ఇక్కడిది అన్నదే దాని అసలు అర్థమనీ స్పష్టమవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. శామీర్‌పేట చెరువు కింది మడుల్లో వేసే వరినాట్లలోనూ నాటు అనే ధ్వనే వినిపిస్తుంది కనుక, నేలలో నాటుకున్నది కాబట్టి నాటు అయిందని చెప్పాలనిపిస్తుంది. అయితే తమిళంలో మొక్కను పాతడానికి వాడే క్రియ 'నడు' అని హ్రస్వంతో, ప్రాంతాన్ని తెలిపే మాట 'నాడు' అని దీర్ఘంతో వేరువేరుగా నిలిచి ఉన్నాయి. తెలుగులో రెండు వేర్వేరు మాటలు ఒకే రూపానికి వచ్చి కలిశాయి. అర్థాలు కూడా ఒకదానికొకటి ఒప్పినట్టుండటం వల్ల జనం చెవికి అవి ఒకటే మాటగా వినిపించడంలో వింత లేదు.

సీమ ఎక్కింది, నాటు దిగింది

ప్రాంతం అనే అర్థమే ఉన్న మరో మాట తెలుగులో 'సీమ'. ఎల్ల, హద్దు అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాట కోనసీమ, రాయలసీమల్లో నాడు చేసే పనినే చేస్తుంది. కానీ ఐరోపావారి రాకతో ఈ రెండు మాటల దారులు చీలిపోయాయి. సీమ అంటే సముద్రం అవతలి దొరల దేశమయింది. బయటి నుంచి వచ్చిన వస్తువులన్నీ సీమవి అయ్యాయి. సీమవంకాయ, సీమచింత అసలు మధ్య అమెరికా ప్రాంతపు మొక్కలే అయినా, ఓడ మీద వచ్చింది ఏదైనా సీమ సరుకేనన్న లెక్కన వాటికి ఆ పేరు నిలిచింది. అలా సీమది మేలైనదయ్యేసరికి, ఇక్కడిదైన నాటుది తక్కువరకం అయింది.

ఇదే కథను ఉర్దూ మాట్లాడే హైదరాబాదు 'విలాయతి' అనే మాటతో చెప్పుకుంది. అరబ్బీ మూలమైన విలాయత్‌కు కూడా పరగణా, పాలిత ప్రాంతం అన్నదే అర్థం. హిందుస్తానీలో అది ఇంగ్లండుకు పేరయి, తిరిగి ఇంగ్లీషు సైనికుల నోట 'బ్లైటీ'గా మారి స్వదేశాన్ని తలచుకునే మాటయింది. పాలకుల భాష కూడా దీనికి తగ్గట్టే సర్దుకుంది. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన 'హాబ్సన్–జాబ్సన్' అనే ఆంగ్లో–ఇండియన్ పదకోశం, భారతదేశంలో తయారైన వస్తువును ఐరోపా సరుకు నుంచి వేరు చేయడానికి 'కంట్రీ' అనే మాటను విశేషణంగా వాడతారనీ, అందులో కొంత చిన్నచూపు ఉంటుందనీ నమోదు చేసింది. ఆబ్కారీ, పోలీసు కాగితాల్లోని కంట్రీ లిక్కర్, కంట్రీ బాంబు అనే మాటలు ఆ వాడుక మిగిల్చినవే. తెలుగు పత్రికల నాటుసారా, నాటుబాంబు వాటికి సమానమైన మాటలు. 1806లో సికింద్రాబాదు పేరుతో కంటోన్మెంటు స్థిరపడి, బొల్లారం దాకా తెల్లదొరల బంగళాలు వెలిసిన తర్వాత, దానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట పల్లెలు విలాయతి సరుకు, నాటు సరుకు పక్కపక్కన కనిపించే హద్దు మీద నిలిచాయి.

నాడు, సీమ, విలాయత్, కంట్రీ అనే నాలుగు మాటలూ ప్రాంతాన్నే తెలుపుతాయి. వాటిలో రెండు ఎక్కువదనాన్నీ రెండు తక్కువదనాన్నీ పొందడానికి ఆ మాటల్లో ఉన్న కారణం ఏదీ లేదు. అధికారం ఏ వైపున ఉందన్న ఒక్క విషయమే వాటి విలువను తేల్చింది.

గ్రామ్యం దోషం, దేశి గుణం

నేలమాటను తక్కువగా చూడటం తెల్లవారితో మొదలైందనుకుంటే పొరపాటే. సంస్కృత అలంకారశాస్త్రం గ్రామ్యతను కావ్యదోషాల్లో చేర్చింది. గ్రామానికి చెందినది గ్రామ్యం, నగరానికి చెందినది నాగరికం. మొదటిది తప్పుకు, రెండవది సభ్యతకు పర్యాయమయ్యాయి. నేటికీ 'అనాగరికం' అని తెగడే తెలుగువారు, నగరంలో లేకపోవడమే నేరమని తమకు తెలియకుండానే అంటున్నారు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగు పదజాలాన్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగుగా విభజించి, వ్యాకరణ లక్షణానికి ఒదగని మాటలను గ్రామ్యంలో వేశాడు. ఆ లెక్కలో పల్లెజనం మాట మాత్రమే కాక, చదువుకున్నవారు ఇంట్లో మాట్లాడుకునే మాట కూడా గ్రామ్యమే అయింది. గిడుగు రామమూర్తి (1863–1940) నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఈ ముద్రను ఎదుర్కొన్నది. శిష్టులు నిత్యం వాడే భాషను గ్రామ్యమని రాతకు దూరంగా ఉంచడం తగదని ఆయన వాదించాడు.

మరోవైపు తెలుగు సాహిత్యంలో దీనికి ఎదురు సంప్రదాయం కూడా పాతదే. కుమారసంభవ కర్త నన్నెచోడుడు సంస్కృత బాటను మార్గకవిత అనీ, తెలుగు బాటను దేశికవిత అనీ వేరు చేసి దేశికి గౌరవమిచ్చాడు. తెలంగాణలోని పాలకుర్తికి చెందిన సోమనాథుడు 13వ శతాబ్దంలో జానుతెనుగును మెచ్చి, అందరికీ అందుతుందని ద్విపదను తన కావ్యాలకు ఎంచుకున్నాడు. దేశి, గ్రామ్యం అనే రెండు మాటలూ ఇక్కడిది అనే అర్థంలోనే పుట్టినా, సొంతవాడు చెప్పినప్పుడు అది దేశి అయి గుణంగానూ, తీర్పరి చెప్పినప్పుడు గ్రామ్యం అయి దోషంగానూ నిలిచింది.

20వ శతాబ్దంలో విద్వాంసులు ఈ మాటల కుటుంబం నుంచి ఒకదాన్ని పైకి తెచ్చారు. జనపదంలో పుట్టినది జానపదం. పల్లెటూరిదన్న పాత అర్థమే ఉన్నా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన 1958లో 'తెలుగు జానపదగేయ సాహిత్యము'గా పుస్తకరూపంలో వచ్చిన తర్వాత, అది ఒక శాస్త్రానికి పేరుగా స్థిరపడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన 'మాండలిక వృత్తిపదకోశం' తొలి సంపుటం, రైతులు నాగలికీ, దుక్కికీ, పంటకూ వాడే మాటలను ఊరూరా సేకరించి అచ్చువేసింది. గ్రామ్యమని పక్కన పెట్టిన మాటలే నిఘంటువులో ప్రధాన పదాలుగా ఎక్కాయి.

పట్నం ఊరి దాకా వచ్చాక

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో హైదరాబాదుకు పాత తరం పెట్టిన పేరు 'పట్నం', తమ చోటుకు 'ఊరు'. పట్నం పోయినం, ఊర్లె ఉన్నం అనే రెండు మాటలతో లోకం రెండుగా తేలిపోయేది. తెలివితక్కువవాణ్ని 'ఎడ్డోడు' అంటారు. ఆ తిట్టుకు ఊరితో గానీ పట్నంతో గానీ పని లేదు. పల్లెటూరోడు అని తెలివిని చోటుతో ముడిపెట్టే అలవాటు పట్నం నుంచి చూసేవారిదేనని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండింటినీ కలుపుతూ పోయింది. తుర్కపల్లి చుట్టుపక్కల టీకాలు, మందుల పరిశోధనకు నెలవైన జీనోమ్ వ్యాలీ ఎదిగింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ద్రాక్షతోటలూ కోళ్ల ఫారాలూ ఉన్న నేలలో వెంచర్లు, ఫామ్‌హౌసులు, రిసార్టులు వెలిశాయి. సరిగ్గా ఈ మార్పు జరిగిన కాలంలోనే, దారి పక్క ధాబాల బోర్డుల మీద నాటుకోడి పులుసు, నాటుకోడి బిర్యానీ గర్వంగా నిలబడ్డాయి.

నాటుకోడి అనే పేరే ఒక విధంగా కొత్తది. ఊళ్లో ఇంటింటా తిరిగే కోడిని మునుపు కోడి అంటే సరిపోయేది. దాదాపు ఆరు వారాల్లో కోతకు వచ్చే బ్రాయిలర్ కోళ్లు ఫారాల నుంచి వచ్చిపడ్డాక, పెరట్లో గింజలు ఏరుకుంటూ నెలల తరబడి పెరిగే పాత కోడికి వేరే పేరు కావలసి వచ్చింది. హైబ్రిడ్ వచ్చాక టమాటాకూ, జెర్సీ వచ్చాక ఆవుకూ నాటు అనే ముందుమాట ఇలాగే తగిలింది. కొత్త వస్తువు రాకతో పాతదానికి విశేషణం తప్పనిసరి అయినప్పుడు, ఆ విశేషణం మొదట వెనకబాటును తెలుపుతుంది. పాత వస్తువు అరుదైపోయాక అదే మెచ్చుకోలవుతుంది. నెమ్మదిగా పెరగడం, గట్టి మాంసం, తక్కువ సంఖ్య అనే లక్షణాలు ఒకప్పుడు నాటుకోడికి లోపాలు, ఇప్పుడు అవే దాని ధరకు కారణాలు.

శాస్త్రవేత్తలు కూడా ఈ విలువను గుర్తించారు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి అనువుగా రూపొందించిన రకాలకు వనరాజ, గ్రామప్రియ అనే పేర్లు పెట్టింది. ప్రయోగశాలలో అభివృద్ధి చేసిన కోడి, రంగు ఈకలతో, అడవి పేరుతో, గ్రామం పేరుతో పల్లె పెరట్లోకి తిరిగి వెళ్లింది. తెలుగు నేలలో పేరున్న దేశవాళీ జాతి అసీల్ పేరుకు అరబ్బీలో మేలిజాతిది, స్వచ్ఛమైనది అని అర్థం. తెలుగులో నిత్యం వాడే 'అసలు'కూ దానికీ మూలం ఒకటే. ఒకే కోడి ఒక భాషలో నాటుదీ, మరో భాషలో కులీనమైనదీ అయిందన్నమాట.

నాటుసారా విషయంలో మాత్రం ఈ మెచ్చుకోలు చోటు చేసుకోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. తెలంగాణ పల్లెల్లో గుడుంబా అనే పేరుతో దొంగచాటుగా కాచే సారా ప్రాణాలను తీసింది, సంసారాలను కూల్చింది. నాటు అన్నంత మాత్రాన మంచిదయిపోదని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది. ఎక్కడిది అన్నంతవరకే ఆ మాట చెప్పగలదు. మేలో కీడో వస్తువును చూసి విడిగా తేల్చుకోవలసిందే.

పాట గెలిచింది, మనిషి సంగతి మిగిలింది

చంద్రబోస్ రాసి, కీరవాణి స్వరపరచిన 'నాటు నాటు' 2023 మార్చి 12న ఆస్కార్ అందుకోవడంతో ఈ మాట లోకమంతా వినిపించింది. ఆ పాట ఇతర భాషల్లోకి వెళ్లిన తీరు పదచరిత్రకు ఆసక్తికరమైన సాక్ష్యం. తమిళంలో అది 'నాట్టుక్కూత్తు' అయి అదే కుదురు మాటను నిలుపుకుంది. కన్నడంలో పల్లె అనే అర్థమున్న 'హళ్ళి'ని ముందు చేర్చుకుని 'హళ్ళి నాటు' అయింది. ఆ కుదురే లేని హిందీలో అర్థాన్ని వదిలి ధ్వనిని పట్టుకుని, నాట్యం చేయమనే 'నాచో నాచో'గా మారింది. సినిమాలో ఆ పాట దొరల విందులో, దేశీయులకు నృత్యం రాదన్న ఎగతాళికి జవాబుగా వస్తుంది. సీమకూ నాటుకూ మధ్య రెండు వందల ఏళ్లుగా నడిచిన తగవునే ఆ సన్నివేశం ఆటగా చూపింది.

భాష విషయంలోనూ కొంత మార్పు వచ్చింది. తెలంగాణ పలుకుబడిని మోటు యాసగా చూపి నవ్వించడం సినిమాల్లో చాలాకాలం సాగింది. కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఫిదా (2017), బలగం (2023) వంటి సినిమాలు ఆ పలుకుబడినే ప్రధాన పాత్రల నోట పలికించి ఆదరణ పొందాయి.

అయినా ఈ మాట ఎక్కిన మెట్లను జాగ్రత్తగా గమనిస్తే ఒక హద్దు కనిపిస్తుంది. ఇంగ్లీషులో రస్టిక్ బల్ల, రస్టిక్ రొట్టె అంటే పొగడ్త; మనిషిని రస్టిక్ అంటే ఇప్పటికీ చిన్నచూపే. తెలుగులోనూ నాటుకోడి, నాటు టమాటా, నాటు పాట మెచ్చుకోలును సంపాదించుకున్నాయి గానీ, ఒక మనిషిని నాటు అన్నప్పుడు దాన్ని పొగడ్తగా తీసుకునేవారు అరుదు. వస్తువును కొనుక్కోవచ్చు కనుక దాని మోటుదనాన్ని పట్నం తన రుచిగా మార్చుకోగలదు. మనిషి మోటుదనాన్ని మాత్రం తనతో సమానంగా కూర్చోబెట్టుకోవలసి వస్తుంది. శామీర్‌పేట ధాబాలో నాటుకోడికి ఎక్కువ ధర చెల్లించేవారు, ఆ కోడిని పెంచిన ఊరివాళ్ల మాటకూ అంతే మన్నన ఇచ్చిన రోజున, నాడు అనే మాట మొదట ఏ గౌరవంతో శాసనంలోకి ఎక్కిందో ఆ గౌరవం నాటు అనే మాటకూ పూర్తిగా దక్కుతుంది.